నావికుని రెండవ పుట్టినదినము

పాఠ్యభాగములు: కీర్తనలు 107:23–32, యోహాను 3:1–8, 2 పేతురు 3:18

పాఠోద్దేశము: నూతన జన్మము ఒక దినమున ఆరంభమగును, ఎదుగుదలకు జీవితకాలమంతయు కావలెనని గ్రహించుట.

ఢిల్లీ చెంతనున్న గురుగ్రామ్ నగరమునుండి సముద్రమును చూడగోరినవాడు వందల మైళ్లు ప్రయాణము చేయవలెను. అయినను హిందూ మహాసముద్రమున తిరుగు ఓడల జాడను కనిపెట్టు భారత నౌకాదళ కేంద్రములు ఆ నగరముననే యున్నవి. 2014 నవంబరు 23న అచ్చట మొదటి కేంద్రము ఆరంభమయ్యెను. 2018 డిసెంబరు 22న, ఇతర దేశములతో సమాచారమును పంచుకొను మరియొక కేంద్రము దానికి జతపడెను. ఓడలు పంపు సంకేతములు అచ్చటి తెరలపై చుక్కలై కనబడును. విశాఖపట్టణమునందో కాకినాడయందో ఒక తల్లి తన కుమారుని పుట్టినదినమున పాయసము వండి, వాడు ఏ సముద్రముమీద నున్నాడో అని తలంచుకొనుచున్నప్పుడు, వాని ఓడయు అట్టి చుక్కలలో ఒకటి కావచ్చును.

1748వ సంవత్సరమున అట్లాంటిక్ మహాసముద్రముపై గ్రేహౌండ్ అను ఓడ బద్దలైనప్పుడు దానిని కనిపెట్టు తెర ఏదియు లేదు. అందులోనున్న యిరువది రెండేండ్ల నావికునికొరకు పాయసము వండు తల్లియు లేదు. అయినను ఆ ఆపద సంభవించిన దినమును అతడు తన రెండవ పుట్టినదినమువలె ఎంచి, వృద్ధాప్యమువరకు ఏటేట జ్ఞాపకము చేసికొనెను. ఆ నావికుడు జాన్ న్యూటన్.

1. ఓడనెక్కిన పుట్టినదినము

న్యూటన్ 1725లో లండనులో జన్మించెను. అప్పటి ఇంగ్లండు పాత పంచాంగము ప్రకారము అది జూలై 24. నేటి లెక్కకు ఆగస్టు 4. తండ్రి ఓడ నాయకుడు. తరచు సముద్రముపైనే యుండెడివాడు. భక్తురాలైన తల్లి ఎలిజబెత్ తన యొక్క కుమారునికి పసితనముననే లేఖన భాగములను, కీర్తనలను నేర్పెను. క్షయరోగము వలన ఆమె మరణించినప్పుడు బాలునికి ఏడేండ్లు ఇంకను నిండలేదు.

సరిగా పదకొండేండ్లు నిండిన దినముననే ఆ బాలుడు తండ్రి ఓడనెక్కెను. సముద్రముపై పెరుగుచున్నకొలది తల్లి నేర్పిన మాటలకు దూరమయ్యెను. 1744లో యుద్ధనౌకకు మనుష్యులను బలవంతముగా పట్టుకొనువారు అతనిని పట్టి హార్విచ్ అను నౌకపై చేర్చిరి. అచ్చట చిన్న అధికారి పదవి లభించినను, అతడు పారిపోయెను. పట్టుబడి, అందరియెదుట కొరడా దెబ్బలు తిని, ఆ పదవిని పోగొట్టుకొనెను. పిమ్మట ఆఫ్రికా పశ్చిమ తీరమున ఒక బానిస వర్తకునియొద్ద కొలువులో చేరి, జ్వరముతోను ఆకలితోను దాసునివలె బ్రదికెను. తండ్రి మనవి చొప్పున గ్రేహౌండ్ ఓడ నాయకుడు అతనిని 1747లో కనుగొని ఎక్కించుకొనెను. విడిపింపబడినను అతని నోరు మారలేదు. నావికులే వెరగుపడునంతగా అతడు దేవదూషణ చేయుచుండెను.

2. ఆపద దినము

ఓడ దంతము, మైనము, రంగు తీయు కఱ్ఱ మొదలగు సరకులతో స్వదేశమునకు మరలుచుండెను. చాలకాలము ఎండలోను గాలిలోను తిరిగి దాని పలకలు జీర్ణించియుండెను. మార్చి 9న న్యూటన్ కాలక్షేపమునకై ఒక భక్తి గ్రంథమును చేతబట్టి, ‘ఇవి నిజమైనచో?’ అను తలంపు రాగానే దానిని మూసివేసెను.

ఆ రాత్రియే ఒక గొప్ప అల ఓడను కొట్టెను. నిద్రించుచున్న అతని గదిలోనికి నీరు చొచ్చివచ్చెను. అతడు పైకి ఎక్కబోవుచుండగా నాయకుడు ఎదురుపడి ఒక కత్తిని తెమ్మనెను. దానికై అతడు వెనుకకు తిరిగిన ఆ క్షణమున మరియొకడు అతనికి బదులుగా పైకెక్కి, వెంటనే అలలలో కొట్టుకొనిపోయెను. ఓడ ఒక ప్రక్కనున్న పై పలకలు చీలిపోయెను. నావికులు తమ బట్టలను, పరుపులను చీలికలలో కుక్కి, వాటిపై పలకలు కొట్టిరి. మైనము, కఱ్ఱ నీటికంటె తేలికయైనవి గనుకనే ఓడ మునుగలేదు.

వేకువజామున మూడు గంటలనుండి మధ్యాహ్నము కావచ్చువరకు న్యూటన్ నీరు తోడు యంత్రమును త్రిప్పెను. అలలు ఈడ్చుకొనిపోకుండ నావికులు తమ్మును త్రాళ్లతో కట్టుకొనిరి. ఆ నడుమ నాయకునితో మాటలాడుచు అతడు, ఈ యత్నము ఫలింపనియెడల ఇక దేవుని కరుణయే దిక్కని అనాలోచితముగా పలికెను. పలికిన పిమ్మట ఆ మాటయే అతనిని గుచ్చెను. అనేక సంవత్సరములుగా ఆయన కరుణను ఎగతాళి చేసినవానికి ఇప్పుడు ఆ కరుణలో భాగమేది? కొంత విశ్రాంతి తరువాత చుక్కాని పట్టుకొని అర్ధరాత్రివరకు నిలిచియున్నప్పుడు తల్లి నేర్పిన లేఖనములు ఒక్కొక్కటిగా జ్ఞాపకమునకు వచ్చెను. సామెతలు మొదటి అధ్యాయములోని హెచ్చరిక అతనిని భయపెట్టెను. పిమ్మట లూకా సువార్త 11:13లో, అడుగువారికి పరలోకపు తండ్రి పరిశుద్ధాత్మను అనుగ్రహించునను వాగ్దానమును చూచి, అడిగి చూతునని నిశ్చయించుకొనెను. అతనికి అప్పుడున్న విశ్వాసము అంతమాత్రమే.

ఓడపైనున్న పశువులు, కోళ్లు సముద్రము పాలయ్యెను. చివరకు పండ్రెండుగురకు దినమునకు అర ఉప్పుచేప మిగిలెను. నాయకుడు న్యూటనును యోనాయని నిందించుచు, వానిని సముద్రములో పడవేయవలెనని తలంచుచుండెను. ఇట్లు నాలుగు వారములు కొట్టుకొనిపోయి, ఏప్రిల్ 8న ఐర్లండులోని స్విల్లీ రేవు చేరిరి. కుండలో ఉడుకుచున్నది వారి కడపటి ఆహారము. లంగరు వేసిన రెండు గంటలలోపల పెనుగాలి లేచెను. అప్పటికిని వారు సముద్రముపైనే యుండినయెడల ఓడ నిలిచెడిది కాదు.

3. పుట్టుక వేరు, ఎదుగుదల వేరు

కథ రేవులో ముగిసినయెడల చెప్పుటకు ఇంపుగా నుండును. కాని సత్యమును దాచరాదు. ప్రార్థించుటకు నేర్చిన ఆ నావికుడు అదే సంవత్సరమున బానిసలను కొనిపోవు ఓడలో ఉపనాయకుడై వెళ్లెను. 1750 మొదలు 1754 వరకు తానే నాయకుడై మూడు ప్రయాణములు చేసెను. ఓడపై ఆదివారపు ఆరాధన జరిపించుచుండెను. క్రింది అరలో సంకెళ్లతో పరుండియున్న స్త్రీ పురుషుల మూల్గు మాత్రము అతని మనస్సాక్షిని అప్పుడు గుచ్చలేదు. ఆ వృత్తిని విడిచినది పశ్చాత్తాపము వలన కాదు. 1754లో హఠాత్తుగా వచ్చిన జబ్బు వలననే.

ఇది చదువరికి కష్టమైన పాఠము. తుపానులో దేవునికి మొరపెట్టినవాడు, తన చేతిక్రింద మొరపెట్టువారిని వినలేకపోయెను. తాను ఆఫ్రికా తీరమున ఆకలిగొన్న దినములు సయితము అతనికి ఆ పాఠమును నేర్పలేదు. అట్లయిన 1748 మార్చిలో జరిగినది వట్టిదా? కాదు. యేసుప్రభువు నీకొదేముతో జన్మమును గూర్చి మాటలాడెను. పుట్టిన శిశువు ఊపిరి తీయును, ఏడ్చును. కాని వెంటనే నడువలేడు, మంచిచెడ్డల నెరుగలేడు. శిశువు పుట్టుట సంతోషము, ఎదుగకుండుట దుఃఖము. అందుచేతనే పేతురు తన రెండవ పత్రిక చివర, కృపయందును జ్ఞానమందును ఎదుగుడని విశ్వాసులకు బోధించెను.

న్యూటన్ ఎదిగెను, కాని మెల్లగా ఎదిగెను. 1764లో గురువుగా అభిషేకమొంది ఓల్నీ గ్రామమున సేవ చేసెను. నేడు లోకమంతట పాడబడు ‘అమేజింగ్ గ్రేస్’ అను కీర్తన 1773 జనవరి 1 నాటి ప్రసంగమునకై అతడు అచ్చట వ్రాసినది. 1780లో లండనునకు మారెను. 1785 డిసెంబరులో విల్బర్‌ఫోర్సు అను యువ పార్లమెంటు సభ్యుడు ఆలోచన అడుగవచ్చినప్పుడు, రాజ్యకార్యములను విడువక అందే దేవుని సేవింపుమని ప్రోత్సహించెను. తుదకు 1788లో ఆఫ్రికా బానిస వ్యాపారమును గూర్చి చిన్న గ్రంథమును ప్రకటించి, తాను చేసిన దానిని దాచక ఒప్పుకొనెను. తుపాను రాత్రికిని ఆ ఒప్పుకోలునకును నడుమ నలువది సంవత్సరములు గడిచెను. బ్రిటిషు సామ్రాజ్యమున బానిస వ్యాపారమును నిషేధించు చట్టము 1807 మార్చి 25న ఆమోదము పొందెను. అదే సంవత్సరము డిసెంబరు 21న న్యూటన్ కన్నుమూసెను.

4. దినమును ఆచరించు విధము

1752లో ఇంగ్లండు పంచాంగమునుండి పదకొండు దినములు తొలగింపబడగా, మార్చి 10 మార్చి 21 అయ్యెను. పంచాంగము మారినను న్యూటన్ ఆ దినమును విడువలేదు. 1805 మార్చి 21న, చూపు మందగించి, వ్రాయుటకు చేయి సరిగా ఆడనప్పుడును, తన దినచర్య పుస్తకములో ఆ దినమును గూర్చి కడసారి వ్రాసికొనెను.

జన్మదినమున విందు చేయుట సులభము. ఫరోయు, హేరోదును చేసిరి. అతడు జ్ఞాపకము చేసికొన్నది మాత్రము తాను మునిగిపోవలసిన దినమును. తన స్థానమున పైకెక్కి కొట్టుకొనిపోయిన ఆ తోటి నావికునికి ఆ పిమ్మట పుట్టినదినము లేకపోయెను. బ్రదికి మిగిలినవాడు, తనకు దొరికిన సంవత్సరములను ఏమిచేసితినని అడుగుకొనక తప్పదు.

గురుగ్రామ్‌లోని తెర ఓడ ఎచ్చటనున్నదో చూపగలదు. దాని క్రింది అరలో ఎవరు మూల్గుచున్నారో చూపలేదు. దానిని వెదకి చూచు బాధ్యత ఓడ నాయకునిది. ప్రతి విశ్వాసి జీవితమను ఓడలోను అట్టి అర యొకటి కలదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ జీవితమున దేవుడు తప్పించిన ఆపద దినము ఏది? దానిని ఎట్లు జ్ఞాపకము చేసికొనుచున్నారు?

2. తల్లి నేర్పిన మాటలు పదునారేండ్ల తరువాత ఫలించెను. మీ పిల్లలకు ఇంటిలో ఏమి నేర్పుచున్నారు?

3. మీ యింటిలో, పొలములో, కార్యాలయములో మీ చేతిక్రింద నున్నవారి మొర మీకు వినబడుచున్నదా?

ప్రార్థనాంశము: సముద్రముపైనున్న నావికుల కొరకును, వారి రాకకై ఎదురుచూచు తలిదండ్రుల కొరకును, తప్పు తెలిసికొని ఆలస్యముగానైనను ఒప్పుకొను ధైర్యము కొరకును ప్రార్థింపుడు.