సేంద్రియ పత్తి – ఊరుమ్మడి బాధ్యత

పండుగకు గుడ్డలు కొనునపుడు మనము రంగు చూతుము, నేత చూతుము, ధర అడుగుదుము. ఆ గుడ్డకు మూలమైన పత్తి ఏ చేలో పండినది, దానిపై ఎన్నిమారులు పురుగుమందు చల్లిరి, ఆ మందు చల్లిన కూలివాని ఆరోగ్యమెట్లున్నది అని అడుగువారు అరుదు. అయితే ఇటీవల పట్టణములందును, విదేశములందును ఈ ప్రశ్నలడిగి, సరియైన సమాధానము దొరికిన పిదపనే బట్ట కొనువారు బయలుదేరినారు. సేంద్రియ పత్తి వస్త్రములను కోరువారు వీరే. పత్తి పండించు గ్రామముల పంచాయతీ సభ్యులు ఈ విషయమును తెలిసికొనుట మిక్కిలి అవసరము. ఏలయన, సేంద్రియ పత్తి ఒక్క రైతు పట్టుదలవలన సాధ్యమగునది కాదు. ఊరంతయు ఒక్కమాటపై నున్నపుడే అది నిలుచును. ఈ వ్యాసమున మేము వివరింపదలచినది ఇదియే.

సేంద్రియ పత్తి యనగానేమి?

రసాయనిక ఎరువులు, కృత్రిమమైన పురుగుమందులు, కలుపుమందులు వాడక, జన్యుమార్పిడి విత్తనము నాటక పండించిన పత్తి సేంద్రియ పత్తి. మన దేశమున దీనికి రెండు విధములైన ధ్రువీకరణములు గలవు. మొదటిది 2001లో ఆరంభమైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము. ఇందు గుర్తింపు పొందిన సంస్థవారు వచ్చి తనిఖీ చేయుదురు. ఎగుమతికి ఇట్టి ధ్రువీకరణము కావలెను. రెండవది పి.జి.యస్. అను భాగస్వామ్య హామీ పద్ధతి. ఇందు ఇరుగుపొరుగు రైతులు కనీసము ఐదుగురు జట్టుగా చేరి, ఒకరి చేను ఒకరు పరిశీలించి హామీ యిత్తురు. దీనికి ఖర్చు స్వల్పము; దేశములోని అమ్మకమునకు ఉపకరించును. ఏ పద్ధతియైనను, మందులకు అలవాటుపడిన చేనికి కొంత పరివర్తన కాలము గడవవలెను.

బట్టకు వేరొక నియమము గలదు. గాట్స్ అను అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి వస్త్రముపై 'సేంద్రియము' అని ముద్రించుటకు అందు నూటికి 95 పాళ్లు సేంద్రియమైన నార యుండవలెను. నూటికి 70 పాళ్లున్నచో 'సేంద్రియ నారతో చేసినది' అని మాత్రము వ్రాయవచ్చును. అద్దకపు రంగులు, కార్ఖానా మురుగునీటి శుద్ధి, పనివారి వేతనములు, బాలకార్మిక నిషేధము గూడ ఈ ప్రమాణమున చేరియున్నవి.

ఈ మార్పు ఏల కావలెను?

1997-98లో వరంగల్లు ప్రాంతమున పొగాకు లద్దెపురుగు పత్తిచేలను తినివేసినది. మందుపై మందు చల్లినను పురుగు చావలేదు. అప్పులు మాత్రము పెరిగినవి. అనేకమంది రైతులు ప్రాణములు తీసికొనిరి. 2017లో మహారాష్ట్రమందలి యవత్మాల్ జిల్లాలో పత్తిచేలకు మందు చల్లుచు, ఆ విషము సోకి సుమారు ఇరువదిమంది మరణించిరి. ఇట్టి పత్తితో నేసిన బట్ట ఎంత అందముగా నున్నను, దాని వెనుక ఇంత దుఃఖమున్నదని మరువరాదు.

ఒక్కని వలన ఏల కాదు?

ఇందుకు మూడు కారణములు గలవు. మొదటిది గాలి, నీరు. ప్రక్కచేలో చల్లిన మందు గాలితో వచ్చి సేంద్రియ రైతు చేనిపై పడును. వాననీటితో కాలువలో కలియును. రెండవది విత్తనము. 2002లో బి.టి. పత్తికి అనుమతి లభించిన పిదప, దేశములోని పత్తిభూమిలో నూటికి తొంబదిపాళ్లకు పైగా ఆ విత్తనమే వ్యాపించినది. బి.టి. కాని విత్తనము అంగడిలో దొరకుట కష్టము. దొరికినను, తేనెటీగలు పుప్పొడిని ఒక చేనినుండి వేరొక చేనికి చేర్చును గనుక విత్తన శుద్ధికి ఎడము కావలెను. మూడవది జిన్నింగు మిల్లు. ఒక్క రైతు పత్తికొరకు మిల్లువారు యంత్రమును శుభ్రపరచి వేరుగా ఆడింపరు. అందరి పత్తితో కలిసినచో అది సేంద్రియ పత్తి కాజాలదు.

లెక్క చూతము. 170 కిలోల దూదిబేలు ఒకటి కావలెనన్న సుమారు ఐదు క్వింటాళ్ల పత్తి కావలెను. ఐదుగురు రైతులు తలకు రెండెకరములు వేసి, ఎకరమునకు ఐదు క్వింటాళ్లు పండించిరనుకొందము. మొత్తము ఏబది క్వింటాళ్లు, అనగా పది బేళ్లు. ఇంత సరకున్నపుడు మిల్లువారితో మాటాడుటకు బలముండును. ఊరంతయు చేరినచో ఆ బలము ఇంకను పెరుగును.

రెండు గ్రామముల అనుభవము

ఖమ్మం జిల్లాలో పునుకుల యను గ్రామము గలదు. అది ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. అచ్చటి రైతులు మందులను వ్యాపారులవద్ద అరువు తెచ్చుకొని, పంటను తిరిగి వారికే తక్కువ ధరకు అమ్ముకొనుచుండిరి. 1999 ప్రాంతమున ఒక స్వచ్ఛందసంస్థ సాయముతో కొలదిమంది రైతులు పురుగుమందులు మానిరి. వేపగింజల కషాయము, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయము వాడిరి. మహిళాసంఘములవారు ముందునకు వచ్చిరి. 2004 నాటికి పంచాయతీయే తీర్మానము చేసి, తమది పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించి, మందుల వ్యాపారులను ఊరిలోనికి రావలదని కోరినది.

నేటి జనగామ జిల్లాలోని ఏనబావి మరొక అడుగు ముందునకు వేసినది. ఆ చిన్న గ్రామము రసాయనిక ఎరువులను సైతము విడిచి, 2006లో రసాయనములు లేని గ్రామముగా ప్రకటించుకొనినది. పురుగుమందు మానుట మొదటి మెట్టు మాత్రమేయనియు, ఎరువు, విత్తనము గూడ మారినపుడే సేంద్రియమగుననియు ఈ రెండు గ్రామముల వలన మనము గ్రహింపవలెను.

చేలో చేయవలసిన పనులు

వేసవిలో లోతుదుక్కి దున్నినచో నేలలోని పురుగు కోశములు ఎండకు చచ్చును, పక్షులు ఏరి తినును. గట్లవెంట ఆముదము వేసినచో లద్దెపురుగు దానిపై గ్రుడ్లు పెట్టును. ఆ ఆకులను త్రుంచి నాశనము చేయవలెను. పచ్చపురుగునకు బంతిమొక్కలు ఎరగా పనిచేయును. లింగాకర్షక బుట్టలు, పక్షిస్థావరములు అమర్చవలెను. వేపకషాయమునకు ఐదు కిలోల వేపగింజల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి, పది లీటర్ల నీటిలో ఒక రాత్రి నాననిచ్చి, పిండి వడగట్టి, కొంచెము సబ్బుపొడి కలిపి, నూరు లీటర్ల నీటికి సరిచేసి సాయంకాలమున చల్లవలెను.

మొదటి ఒకటి రెండేండ్లు దిగుబడి తగ్గవచ్చును. అధిక ధర తప్పక వచ్చునని ఎవరును మాట యివ్వలేరు. పెట్టుబడి తగ్గుటయే మొదటి లాభమని రైతులకు దాచక చెప్పవలెను.

చేనినుండి మగ్గమునకు

శ్రీకాకుళం జిల్లా పొందూరులో స్త్రీలు నేటికిని వాలుగచేప దవడయెముకతో దూదిని దువ్వి, సన్నని నూలు వడకుదురు. మల్ఖా అను పేర జరిగిన ప్రయత్నమున దూదిని గట్టిబేళ్లుగా అదుమకయే నూలు తీసి, చేనేతవారిచే నేయించి, సహజమైన రంగులద్దిరి. ఊరి పత్తి ఊరి చేరువనే బట్టయైనచో, ఆ కూలి మన పనివారికే దక్కును.

పంచాయతీ చేయదగినవి

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో వ్యవసాయ విస్తరణము, ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు పంచాయతీల విషయములుగా పేర్కొనబడినవి. కావున సభ్యులు ఈ క్రింది పనులు చేయవచ్చును.

1. ఇష్టపడిన రైతుల చేలు ఒకేచోట నుండునట్లు గ్రామసభలో నిర్ణయించి, చుట్టును జొన్న వంటి పైరుతో హద్దు వేయించుట.

2. వేసవిలో వేపపండ్లు ఏరించి, గింజలు నిలువచేసి, కషాయము తయారుచేయు పనిని మహిళాసంఘములకు అప్పగించుట.

3. దేశవాళీ పత్తి విత్తనమును వ్యవసాయశాఖ, పరిశోధనకేంద్రముల సలహాతో తెప్పించి, ఊరిలోనే వృద్ధిచేయించుట.

4. ఎవరి చేలో ఏమి వాడిరో, ఎంత పండినదో తెలుపు పుస్తకము నిజాయితీగా వ్రాయించుట. 2020లో మన దేశపు దూది 20,000 టన్నులకు దొంగ పత్రములు పుట్టించిరని గాట్స్ సంస్థ వెల్లడించినది. ఇట్టి మోసము నిజమైన సేంద్రియ రైతుకే నష్టము. సరియైన లెక్కయే అతనికి రక్ష.

5. పత్తి ఏరు స్త్రీలకు న్యాయమైన కూలి ఇప్పించుట. పత్తిచేలలో పనిచేయు బాలబాలికలను బడికి చేర్చుట. బడికి పోవలసిన పిల్ల ఏరిన పత్తి, మందు తగులకున్నను, మంచి పత్తి యనిపించుకొనదు.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. మొదట ఐదుగురు రైతులు చాలును. వారి చేలు ఊరివారందరును చూచునట్టి చోట నుండవలెను. వారి లెక్క ఊరివారందరును చదువునట్లుండవలెను. పునుకులలోను ఈ పని కొలదిమందితోనే మొదలైనది.