పరీక్షలు - విద్యార్థుల దృక్పథం

‘పరీక్ష’ అనే పదం సంస్కృతం నుండి తెలుగులోకి వచ్చినది. ‘పరి’ అంటే అంతటా, ‘ఈక్ష’ అంటే చూపు. ఒక విషయాన్ని అన్ని వైపుల నుండి చూడడమే పరీక్ష. ఉర్దూలో ‘ఇమ్తిహాన్’ అనే మాట కళాశాల పరీక్షకూ, జీవితంలోని కష్టకాలానికీ కూడా చెల్లుతుంది. మన విద్యార్థులు ఈ రెండవ అర్థాన్నే గట్టిగా పట్టుకొన్నట్లు తోస్తున్నది.

స్లిప్ టెస్టు ఉన్నదని ముందుగా చెప్పిన రోజున తరగతిలో బెంచీలు ఖాళీగా కనబడతాయి. చెప్పకుండా పెడితే “అన్యాయం సార్” అంటారు. కొందరిది భయం, కొందరిది ఉపేక్ష, మరికొందరిది “ముఖ్యమైన ప్రశ్నలు చెప్పండి సార్” అనే బేరం. మూడింటికీ మూలం ఒక్కటే: పరీక్షను తీర్పుగా భావించడం.

ఈ భావన ఎంత ప్రమాదకరమో 2019లో మన రాష్ట్రం చూచినది. ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ ఫలితాలలోనే తెలుగులో సున్నా చూపబడిన ఒక విద్యార్థినికి తిరిగి పరిశీలించగా 99 మార్కులు వచ్చాయి. తప్పినవారి పత్రాలను ప్రభుత్వం ఉచితంగా మళ్ళీ పరిశీలింపజేయగా, వేయిమందికి పైగా ఉత్తీర్ణులైనారు. అంకె పొరబడవచ్చు. పొరబడకపోయినా అది ఒకనాటి వ్రాతకు కొలత మాత్రమే, మనిషికి కాదు.

అట్లని పరీక్షలే వద్దనడం వివేకం కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం ప్రకటించారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, జ్ఞాపకమున్నది వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత చదివినవారే ముందున్నారు. కాని వారం గడిచిన పిదప, రెండుసార్లు చదివినవారికి 42 శాతం, వ్రాసి చూచుకొన్నవారికి 56 శాతం జ్ఞాపకమున్నది. అనగా పరీక్ష చదువును కొలవడమే కాదు, నిలుపుతుంది కూడా.

మన మిర్యాలగూడ మిల్లులకు సాగర్ ఎడమ కాలువ క్రింది ధాన్యం వస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించినదని తేలితే రైతు ధాన్యాన్ని పారబోయడు. ఎండబోసి మళ్ళీ తెస్తాడు. తక్కువ మార్కులు కూడా ఇంకా ఎంత ఎండ కావలెనో చెప్పే కొలతయే.

ఇందులో అధ్యాపకుల బాధ్యత కూడా ఉన్నది. కొన్నేళ్ళు నేను పత్రాలపై మార్కులు మాత్రమే వేసి ఇచ్చాను. ఒక విద్యార్థిని “నా ఆరు మార్కులు ఎక్కడ పోయాయి సార్?” అని అడిగినప్పుడు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాటినుండి ప్రతి తప్పు ప్రక్కన దాని కారణం వ్రాస్తున్నాను. ప్రతి టెస్టు తరువాత పత్రాలను చర్చించడానికి ఒక పీరియడు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాను.

విద్యార్థులారా! టెస్టు రోజున తప్పక రండి. తప్పులు ఇక్కడే చేయండి, దిద్దడానికి మేమున్నాము. బోర్డు పరీక్షలో తప్పినా సప్లిమెంటరీ ఉన్నది. మనసు క్రుంగిన నాడు ఒంటరిగా ఉండక, ఇంటివారితోనో మాతోనో ఒక్క మాట చెప్పండి. పరీక్ష మళ్ళీ వస్తుంది. పోయిన ప్రాణం రాదు.