కాలిన గాయాలు – లోపలి అవయవాల రక్షణ

ఒంటిమీది మంట ఆరినంత మాత్రాన ప్రమాదం ముగిసినట్లు కాదు. శరీరంలో ఐదో వంతుకు మించి లోతుగా కాలినప్పుడు రక్తనాళాల గోడలు వదులవుతాయి. రక్తంలోని నీరు, లవణాలు, మాంసకృత్తులు చుట్టుపక్కల కణజాలంలోకి జారిపోతాయి. రక్తప్రసరణ తగ్గి మూత్రపిండాలు, పేగులు, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు.

మొదటి మందు

అవయవాలను కాపాడే తొలి ఔషధం సెలైన్ వంటి ద్రవమే. రింగర్ లాక్టేట్ అనే ద్రావణాన్ని నరం ద్వారా ఎక్కిస్తారు. దీనికి అమెరికాలోని పార్క్‌లాండ్ ఆసుపత్రి పేరిట 1968 నుండి ఒక లెక్క వాడుకలో ఉంది: శరీర బరువును కాలిన శాతంతో, ఆపై 4 మిల్లీలీటర్లతో గుణించాలి. 60 కిలోల వ్యక్తికి 30 శాతం కాలితే 7,200 మిల్లీలీటర్లు. అందులో సగం తొలి 8 గంటల్లో, మిగిలిన సగం తరువాతి 16 గంటల్లో ఇస్తారు. ఈ గంటలను ఆసుపత్రికి చేరిన క్షణం నుండి కాక, కాలిన క్షణం నుండి లెక్కిస్తారు. ద్రవం ఎక్కువైనా ఊపిరితిత్తులకు ముప్పే. కనుక మూత్రం పరిమాణాన్ని గమనిస్తూ మోతాదును సవరిస్తారు.

తక్కిన మందులు

తీవ్రంగా కాలినవారి పేగుల్లో పుండ్లు పడతాయని 1842లోనే కర్లింగ్ అనే వైద్యుడు వివరించాడు. అందుకే నేడు ఆమ్లాన్ని తగ్గించే మందులు ఇస్తారు. వీలైనంత త్వరగా ఆహారమూ అందిస్తారు. గుండె వేగాన్ని, కండరాల క్షీణతను అదుపు చేయడానికి కొందరికి ప్రొప్రనొలాల్ వాడతారు. మూసిన గదిలో పొగ పీల్చినవారికి సైనైడ్ విషానికి విరుగుడు అవసరం కావచ్చు. కరెంటు వల్ల కాలినప్పుడు కండరాల నుండి వెలువడే పదార్థం మూత్రపిండాలను అడ్డుకుంటుంది. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే వెంటనే వైద్యునికి చెప్పాలి.

మనం చేయవలసినవి

గాయంపై 20 నిమిషాలు కుళాయి నీరు పారించండి. ఉంగరాలు, గాజులు తీసివేయండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకండి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి. నీరు కోల్పోయిన శరీరంలో అవి మూత్రపిండాలకు హాని చేయగలవు. 108కి ఫోన్ చేయండి.

ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మిమ్మల్ని తమిళంలో ప్రశ్నించవచ్చు. ‘తీక్కాయం’ అంటే కాలిన గాయం. ‘ఎత్తనై మణిక్కు’ అంటే ఎన్ని గంటలకు. ‘సిఱునీర్’ అంటే మూత్రం. ప్రమాదం జరిగిన వేళ, దాని కారణం (మంటా, కరెంటా, వేడినీళ్లా), గది మూసి ఉందా, రోగి బరువు, రోజూ వాడే మందులు: ఈ ఐదు విషయాలను ఒక కాగితంపై రాసి తీసుకువెళ్లండి. భయపడో మొహమాటపడో ప్రమాదం జరిగిన వేళను మార్చి చెప్పకండి. ఆ ఒక్క సమాచారం తప్పితే ద్రవం లెక్క తప్పుతుంది; ఆ నష్టాన్ని రోగి మూత్రపిండాలు భరించవలసి వస్తుంది.