పొలము కొలుచుటలో లంబదూరము

భూమి కొనునపుడును, అమ్మునపుడును, అన్నదమ్ములు పంచుకొనునపుడును, కౌలున కిచ్చునపుడును రైతు మొదట అడుగు మాట "విస్తీర్ణ మెంత?" అనియే. విస్తీర్ణము తప్పిన యెడల క్రయధనము తప్పును. ఎకరమున కింత యని లెక్కించి వేయు విత్తనమును, ఎరువును గూడ తప్పును. గొలుసు సరిగా నున్నను, దానిని ఏ దిక్కునకు లాగవలయునో తెలియనందున పెక్కు పొరపాట్లు కలుగుచున్నవి. కావున ఆ విషయ మిందు వివరింపబడుచున్నది.

1. దూర మనగా నేమి?

రెండు హద్దురాళ్ల నడుమ దూర మనగా వాని మధ్య బిగువుగా లాగిన త్రాటి పొడవు. ఇందు సందేహము లేదు. కాని ఒక రాతికిని ఒక తిన్నని గట్టునకును నడుమ దూర మెంత? రాతినుండి గట్టుమీది ఒక్కొక్క చోటికి ఒక్కొక్క పొడవు వచ్చును. వానిలో అన్నిటికంటె చిన్నదియే దూరమని గణితశాస్త్రము నిర్ణయించినది. ఆ చిన్న పొడవు గట్టునకు మూలమట్టముగా నుండును. దానికి లంబమని పేరు. అది గట్టును తాకు చోటు లంబపాదము. లంబపాదమునకు ఇటు గాని అటు గాని జరిగి కొలిచినచో త్రాడు ఏటవాలై, పొడవు తప్పక హెచ్చును. లంబము 4 గొలుసు లున్నచోట 3 గొలుసులు ప్రక్కకు జరిగి కొలిచిన, 5 గొలుసులు వచ్చును.

2. ఏటవాలు కొలతవలన నష్టము

33 అడుగుల పొడవును, 33 అడుగుల వెడల్పును గల చదరము ఒక గుంట; 40 గుంటలు ఒక ఎకరము. కావున 33 అడుగుల గొలుసుతో కొలిచినచో చదరపు గొలుసు లెన్నియో గుంట లన్నియే.

ఒక పొలమునకు నాలుగు గట్లును 10 గొలుసుల చొప్పున నున్నవనుకొనుడు. పదింటిని పదింట హెచ్చించి 100 గుంటలు, అనగా 2 ఎకరముల 20 గుంటలని చెప్పుట వాడుక. మూలలు మూలమట్టముగా నున్ననే ఈ లెక్క సరియగును. పొలము ఒక ప్రక్కకు ఒరిగియుండి, ఎదురెదురు గట్ల నడుమ లంబదూరము 8 గొలుసులే యున్నచో, విస్తీర్ణము 10 × 8 = 80 గుంటలు, అనగా సరిగా 2 ఎకరములు. కొనువాడు లేని అర ఎకరమునకు వెల చెల్లించినవాడగును. గట్ల పొడవులు చూచినంతమాత్రమున ఈ మోసము బయటపడదు.

ఎదురెదురు భుజముల సగటులను హెచ్చించు ఈ పద్ధతి ప్రాచీనమైనది. క్రీ. శ. 628 లో బ్రహ్మగుప్తుడు దీనిని స్థూలఫల మనియే పేర్కొనెను. మూలమట్టము కాని పొలములో అది ఎల్లప్పుడును ఎక్కువయే చూపును.

3. లంబపాదమును కనుగొను విధము

హద్దురాతివద్ద త్రాటి కొన నొకరు పట్టుకొనవలయును. గట్టును చేరి మిగులునంత పొడవు గల త్రాటితో, మరియొకరు దానిని బిగువు సడలకుండ త్రిప్పుచు, గట్టు గీతను తాకు రెండు చోట్లను మేకులు పాతవలయును. ఆ రెండు మేకుల నట్టనడిమి చోటే లంబపాదము. అచ్చట మూలమట్టమును పరీక్షింప దలచినచో గట్టు వెంట 3 గజములు, లంబము వెంట 4 గజములు గుర్తింపుడు. ఆ గుర్తుల నడుమ సరిగా 5 గజము లుండవలయును.

4. నాలుగు మూలల పొలము

గట్లు సమానములు గాని పొలమును ఐమూలగా రెండు త్రిభుజములు చేయుడు. ఐమూల గీత పొలము లోపలనే పోవలయును. మిగిలిన రెండు మూలలనుండి ఆ గీతకు లంబములు కొలిచి, రెంటిని కూడి, ఐమూల పొడవుచే హెచ్చించి, సగము చేయుడు. ఐమూల 12 గొలుసులు, లంబములు 4, 6 గొలుసులు అయినచో, 12 × 10 = 120; అందు సగము 60 గుంటలు, అనగా 1 ఎకరము 20 గుంటలు. మొదటి లంబమునకు బదులు 5 గొలుసుల ఏటవాలు కొలత వేసినచో 66 గుంటలు వచ్చును. ఒక్క తప్పుడు కొలతచే 6 గుంటలు హెచ్చినవి.

5. జాగ్రత్తలు

అంకెలకు ఉక్కు గొలుసునే గాని టేపునే గాని వాడుడు. త్రాడు లాగిన కొలది సాగును. ఏటవాలు నేలలో గొలుసును నేలకు ఆనింపక, సమమట్టముగా పట్టుడు. కొన్ని పొలములలో లంబపాదము గట్టు చివరను దాటి బయట పడును. విస్తీర్ణమునకు గట్టు గీతను పొడిగించి అచ్చటికే కొలువవలయును. కాని బావినుండి ఆ గట్టునకు కాలువ త్రవ్వునపుడు గట్టు చివరకు పోవు దారియే అతి దగ్గర.

క్రయపత్రముపై వ్రాలు చేయుటకు ముందే రైతు ఈ కొలతలు స్వయముగా తీసి, పటములోని విస్తీర్ణముతో సరిచూచుకొనవలయును. భేద మున్నచో సర్వేయరుచే కొలిపించిన పిదపనే సొమ్ము చెల్లించుట క్షేమము.