పాత స్టీరియోలో ఒక పక్క మూగబోతే

మారేడ్‌పల్లి, తార్నాక, బొల్లారం వైపు పాత ఇళ్లలో ఇప్పటికీ సోనోడైన్, కాస్మిక్, ఫిలిప్స్ ఆంప్లిఫయర్లు కనిపిస్తాయి. ఒక ఛానెల్ పోయిందని వాటిని పాత సామాన్ల బండికి ఇచ్చేయకండి. స్టీరియోలో ఒకే సర్క్యూట్ రెండుసార్లు ఉంటుంది. చెడిన పక్క ఎలా ఉండాలో చూపించేందుకు బాగున్న పక్క అక్కడే ఉంది. సికింద్రాబాద్‌లో ఈ పని తెలిసిన మెకానిక్కులు తగ్గిపోతున్నారు కాబట్టి, లోపం ఎక్కడుందో సగమైనా ఇంట్లోనే తేల్చుకోవడం మంచిది. మొదటి ఐదింటిలో లోపం కనిపెట్టడానికి మూత తీయక్కర్లేదు.

1. ఆన్ చేయగానే స్పీకర్ దబ్బుమని, దాని కోన్ ముందుకో వెనక్కో వెళ్లి అక్కడే నిలిచిపోతే వెంటనే ఆపేయండి. అవుట్‌పుట్‌లో డీసీ వస్తోందన్నమాట. ఆ పక్కకు మంచి స్పీకర్ తగిలిస్తే అదీ కాలిపోతుంది. అలాంటప్పుడు 2 నుంచి 6 వరకు వదిలేసి 7వ చిట్కాకు వెళ్లండి.

2. ఆ లక్షణం లేకపోతే, స్విచ్ ఆపి వెనక ఉన్న ఇన్‌పుట్ పిన్నులు కుడిఎడమలు మార్చండి. మూగతనం రెండో పక్కకు మారితే ఆంప్లిఫయర్ మంచిదే, తప్పు ప్లేయర్‌ది లేదా పిన్ను తీగది. మారకపోతే స్పీకర్ తీగలు కూడా అలాగే మార్చి చూడండి. అప్పుడూ అదే స్పీకర్ మూగగా ఉంటే లోపం దానిదో, దాని తీగదో.

3. పరీక్షకు మోనో పాట వాడండి. స్టీరియో రికార్డింగులో కొన్ని వాయిద్యాలు ఒక పక్కే వినిపిస్తాయి, దాంతో బాగున్న ఛానెల్ మీద కూడా అనుమానం వస్తుంది. 1957 నాటి ‘మాయాబజార్’ పాటల పాత రికార్డు అయితే రెండు పక్కలా ఒకేలా పలకాలి. 2010లో రంగులద్ది, ధ్వని మార్చి విడుదల చేసిన ప్రతి ఇందుకు పనికిరాదు.

4. నాబ్ తిప్పితే గరగరమంటోందా? దుమ్ము, వానాకాలపు చెమ్మ. స్విచ్ ఆపి వాల్యూమ్, బ్యాలెన్స్, సెలెక్టర్, టేప్ మానిటర్ అన్నిటినీ ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ ఆడించండి. ఏళ్ల తరబడి కదపని టేప్ మానిటర్ స్విచ్చే చాలాసార్లు ఒక ఛానెల్‌ను మింగేస్తుంది. తగ్గకపోతే 7వ చిట్కా ప్రకారం మూత తీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. కొబ్బరినూనె, కిరోసిన్ వద్దు.

5. వాల్యూమ్ పెంచితేనే మేల్కొని, తగ్గిస్తే మళ్లీ పోయే ఛానెల్‌లో స్పీకర్ రిలే కాంటాక్టులు నల్లబడి ఉండొచ్చు. రిలే మార్చడం పెద్ద ఖర్చు కాదు.

6. హమ్ రెండు పక్కలా ఉంటే పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. ఒక్క పక్కే ఉంటే ముందు ఆ పిన్ను తీగ ఎర్త్ తెగిందేమో చూడండి. ఒకే ఛానెల్‌లో బేస్ పోయి గొంతు పల్చబడితే, పాత సింగిల్ సప్లై మోడళ్లలో అవుట్‌పుట్ కెపాసిటర్‌ను అనుమానించాలి.

7. మూత తీసేముందు ప్లగ్ పూర్తిగా ఊడదీయండి. లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. 100 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌ను చేతికి తగలకుండా ఆనించి ఖాళీ చేసి, మీటర్‌తో కొలిచి నిర్ధారించుకోండి. ఈ పని అలవాటు లేనివాళ్లు ఇక్కడ ఆగి, ఇప్పటిదాకా తేలింది కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వండి. అతని సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి.

8. ఫ్యూజ్ పోతే అంతే ఆంపియర్లది వేయండి, రాగితీగ చుట్టొద్దు. మళ్లీ పోతే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయి ఉండొచ్చు. పవర్ లేకుండానే మల్టీమీటర్‌తో మంచి పక్క ఒక్కో రెసిస్టర్‌నూ ట్రాన్సిస్టర్‌నూ కొలిచి, చెడిన పక్క అవే చోట్ల కొలవండి. అంకె ఎక్కడ తేడాగా ఉందో అక్కడ వెతకాలి. సర్క్యూట్ కాగితం లేకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. నా దృష్టిలో పాత స్టీరియో బాగుచేయడంలో దీన్ని మించిన సాధనం లేదు.

9. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాల్సిందే. 2ఎన్3055 లాంటి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో నకిలీలు తిరుగుతున్నాయి. మరీ చవకగా, తేలిగ్గా ఉన్నది తీసుకోకండి. చెడిన ఛానెల్‌లో రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లనూ కలిపే మార్చండి. 2ఎన్3055 లోహపు ఒళ్లే దాని కలెక్టర్ కాబట్టి కింద మైకా రేకు, తెల్ల పేస్టు తప్పనిసరి.

10. బాగుచేశాక మొదటిసారి ఆన్ చేసేటప్పుడు స్పీకర్లు తగిలించకండి. 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును మెయిన్స్‌కు సిరీస్‌లో పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. అలాగే వెలుగుతుంటే షార్ట్ ఇంకా ఉంది. మసకబారాక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే బల్బు తీసేసి నేరుగా మెయిన్స్ మీద మరోసారి కొలిచి, ముందు పాత చిన్న స్పీకర్ తగిలించి అరగంట నడపండి.