గరుకు బెరడు ఆంగోఫొరా: యూకలిప్టస్ వలె కనిపించే వేరొక వృక్షం

జలుబు చేసినప్పుడు వేడినీటిలో రెండు చుక్కల నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టడం మన ఇళ్లలో పరిపాటి. తైలం లేనినాడు ఊరి చివరి జామాయిల్ తోటనుండి గుప్పెడు ఆకులు తెచ్చుకొనేవారూ ఉన్నారు. అయితే పొడవైన ఆకు, ఘాటైన వాసన ఉన్న ప్రతి చెట్టూ ఒకే ఔషధం కాదు. ఈ భేదాన్ని గ్రహించడానికి ఆస్ట్రేలియాకు చెందిన ఒక వృక్షాన్ని పరిశీలించడం ఉపకరిస్తుంది. చూపరులు దానిని యూకలిప్టస్ అనుకొంటారు, వృక్షశాస్త్రజ్ఞులు కాదంటారు. శాస్త్రీయ నామం ఆంగోఫొరా ఫ్లోరిబండా. అక్కడి వాడుక పేరుకు ‘గరుకు బెరడు ఆపిల్’ అని అర్థం. ఆపిల్ పండుతో దీనికి ఎట్టి సంబంధమూ లేదు. వలస వచ్చిన ఆంగ్లేయులకు దీని రూపం తమ దేశపు ఆపిల్ చెట్టును తలపించింది, అంతే.

ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతంలో, న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలలో, నదీతీరపు ఒండ్రు నేలల్లో ఇది విరివిగా పెరుగుతుంది. ఎత్తు సుమారు 30 మీటర్ల వరకు ఉంటుంది, కొమ్మలు వంకరలు తిరిగి ఉంటాయి. మన జామ, నేరేడు, లవంగం ఏ కుటుంబానివో ఇదీ ఆ మిర్టేసి కుటుంబానిదే. ఈ కుటుంబపు ఆకును ఎండకు ఎత్తి పట్టి చూస్తే సూదితో పొడిచినట్లు కాంతి చుక్కలు కనిపిస్తాయి. అవే తైల గ్రంథులు. పెరటి జామ ఆకుతో పాఠకులు స్వయంగా చూడవచ్చు. కాబట్టి ఆకులో తైలం ఉన్నదన్నంత మాత్రాన అది యూకలిప్టస్ అని నిర్ణయించరాదు.

బెరడు సంగతి చూద్దాం. మన జామాయిల్ చెట్టు ఏటా పొరలు పొరలుగా బెరడు విడిచి నున్నగా, పాలిపోయి నిలుస్తుంది. ఆంగోఫొరా ఫ్లోరిబండా బెరడు రాలదు. బూడిద రంగులో, పొట్టి నారతో, నిలువు చీలికలతో కాండమంతా కప్పి సన్నని కొమ్మల వరకూ వ్యాపించి ఉంటుంది. ఇంత స్పష్టమైన లక్షణమైనా దీనినొక్కదానినే నమ్మడానికి వీలులేదు. యూకలిప్టస్‌లలోనే బండబారిన గరుకు బెరడు గలవి ఎన్నో ఉన్నాయి. ఆంగోఫొరాలలోనే కాస్టాటా అనే జాతి బెరడు నున్నగా ఉంటుంది. బెరడు చూచి చెట్టుకు పేరు పెట్టడం, చొక్కా చూచి మనిషి ఊరు చెప్పడం వంటిది.

ఆకుల అమరిక అంతకంటె నమ్మదగినది. ఆంగోఫొరా ఆకులు జామ ఆకుల వలె కణుపుకు రెండేసి చొప్పున ఎదురెదురుగా పుడతాయి. పైభాగం ముదురు ఆకుపచ్చ, అడుగుభాగం పాలిపోయిన రంగు. ఫ్లోరిబండా ఆకు 8 నుండి 12 సెంటీమీటర్ల పొడవు, 2 నుండి 3 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఎదిగిన నీలగిరి యూకలిప్టస్‌లో ఆకులు కణుపుకొకటి చొప్పున మారి మారి వస్తాయి, కొడవలి ఆకారంలో వేలాడుతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నీలగిరి యూకలిప్టస్ లేత మొక్కలో ఆకులు తొడిమ లేకుండా, నీలిబూడిద రంగులో, ఎదురెదురుగానే ఉంటాయి. కనుక ఎదిగిన చెట్టు పై కొమ్మలను చూచి మాత్రమే నిర్ణయించాలి.

సందేహం పూర్తిగా తీర్చేది పువ్వు. యూకలిప్టస్ మొగ్గకు టోపీ వంటి మూత ఉంటుంది. వికసించే వేళ ఆ మూత ఊడిపడి కేసరాల కుచ్చు విచ్చుకొంటుంది. 1788లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెరిటియె పెట్టిన యూకలిప్టస్ అనే పేరుకు ‘చక్కగా కప్పబడినది’ అని గ్రీకులో అర్థం. ఆంగోఫొరా మొగ్గకు ఆ మూత లేదు. విడివిడి ఆకర్షక పత్రాలు, వాటి నడుమ తెల్లని కేసరాలు కనిపిస్తాయి. జామ పువ్వును ఎరిగినవారికి దీనిని పోల్చుకొనడం కష్టం కాదు. కాయ చిన్న గిన్నె వలె ఉండి, పక్కలకు గట్లు, అంచున పళ్లు కలిగి ఉంటుంది. అందువల్లనే స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కవానియెస్ 1797లో ‘పాత్రను మోసేది’ అనే అర్థంలో ఆంగోఫొరా అని నామకరణం చేశాడు.

ఈ చెట్టు బెరడుకు గాయమైతే ఎర్రని వగరు ద్రవం స్రవిస్తుంది. మన అడవులలోని వేగిస చెట్టు నుండి కూడా ఎర్రని బంక వస్తుంది. ఆయుర్వేదంలో బీజకమని ప్రసిద్ధమైన వేగిస చిక్కుడు కుటుంబానిది. రెండింటిలోనూ టానిన్లు ఉండుటచే వగరు సమానమే గాని, ఒకదానికి బదులు మరొకటి వాడదగదు.

ఇక మన ఇంటి సీసా విషయం. నీలగిరి కొండలకు 19వ శతాబ్దంలో తెచ్చి నాటిన గ్లోబ్యులస్ జాతి తైలంలో ప్రధాన ద్రవ్యం సినియోల్. ముక్కు దిబ్బడను తేలికపరచే గుణం దానిదే. నిమ్మ వాసన గల యూకలిప్టస్ తైలంలో ప్రధానమైనది సిట్రొనెల్లాల్, అది వేరు ద్రవ్యం. ఆ చెట్టును 1995లో శాస్త్రజ్ఞులు కొరింబియా అనే వేరు ప్రజాతిలో చేర్చారు. మన జిల్లాలలోని జామాయిల్ తోటలు కాగితపు గుజ్జుకై పెంచేవి, తైలగుణం చూచి ఎంచినవి కావు. ఆకులు తెచ్చి కషాయం కాచి తాగడం, ఇంట్లో తైలం తీయబూనడం సర్వథా మానవలసినవి.

తైలం ఎంత మంచిదైనా పైపూతకు, ఆవిరికే తప్ప లోపలికి ఇవ్వరాదు. పసిపిల్లల ముక్కు దగ్గర రాయరాదు. చిన్న పిల్లలు ఒక చెంచాడు మింగినా మత్తు, మూర్ఛ, శ్వాసకష్టం కలుగవచ్చు. అట్టి సమయంలో వాంతి చేయించే ప్రయత్నం చేయక, సీసాను కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మరుగుతున్న ఆవిరి గిన్నె దగ్గర పిల్లలను ఒంటరిగా ఉంచరాదు. సీసాను దగ్గు మందుల పక్కన కాక, వేరుగా, పైఅరలో పెట్టుకోవాలి.