ఇల్లిచ్చారు, సంగతి చెప్పలేదు

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా తీరం వెంబడి ఊళ్ళలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే చేతులు మారుతున్నాయి. పెద్దవాళ్ళు పోతారు. పిల్లలు హైదరాబాదులోనో, చెన్నైలోనో, అమెరికాలోనో ఉంటారు. తాళంచెవి ఎవరో ఒకరి చేతికి వస్తుంది. కర్మకాండ ముగిసీ ముగియకముందే బేరం మాట్లాడే మనిషి గుమ్మంలో నిలబడతాడు. ఆ హడావుడిలో అటక మీది ట్రంకుపెట్టె పాతసామాన్ల బండెక్కి పోతుంది. ఆ పెట్టెను ఒకసారి తెరవమని అడగడానికే ఇది రాస్తున్నాను. అందులో బంగారం ఉండకపోవచ్చు. మన కుటుంబం ఎందుకిలా తయారైందో చెప్పే కాగితం ఉండొచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం మన తీరానికి దూరంగా జరిగిందనుకుంటాం. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో బర్మా నుంచి నాలుగైదు లక్షల మంది భారతీయులు ఇంటిదారి పట్టారు. చాలామంది అడవుల్లో, కొండల్లో నడిచే వచ్చారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ వెంటనే మద్రాసు నగరం ఖాళీ కావడం మొదలైంది. ప్రభుత్వ కార్యాలయాలు లోపలి ఊళ్ళకు తరలాయి, జనం దొరికిన రైలెక్కి బంధువుల ఇళ్ళకు చేరారు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. మలయా రబ్బరు తోటల్లో పనిచేస్తున్న తమిళ, తెలుగు కూలీలను జపాన్ సైన్యం సయాం-బర్మా రైలుదారి పనికి తోలుకెళ్ళింది. ఇంకోవైపు బ్రిటిష్ భారత సైన్యంలో సుమారు పాతిక లక్షల మంది చేరారు. ఒక ఇంటి మగమనిషి కనిపించకుండా పోవడానికి ఇన్ని దారులున్న కాలం అది.

ఆ కాలం జాడలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. ఇంట్లో ఒక గింజ పారేస్తే మండిపడే నాయన, ఎంత పండినా గాదె నిండలేదని దిగులుపడే జేజి, అన్నదమ్ములు ఎదురుపడితే పొలం మాట ఎత్తని పెదనాన్న... వీటిని మనం ‘మా వంశం తీరే అంత’ అని సరిపెట్టుకుంటాం. వ్యక్తిత్వ వికాస పుస్తకాలేమో గతం వదిలేసి ముందుకు చూడమంటాయి. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. మన భయాల్లో, పిసినారితనంలో, నోరు విప్పని అలవాటులో చాలాభాగం మనం పుట్టకముందే ఆ ఇంట్లో పుట్టింది. ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాన్ని పట్టుకుని ఉండాలో వదిలేయాలో మనమే తేల్చుకోగలం. తెలియకపోతే అదే మన స్వభావమనుకుని పిల్లలకూ అంటగడతాం.

ఆ పెట్టెల్లో తరచుగా దాగి ఉండేది మగవాడి సాహసం కన్నా ఒక ఆడమనిషి బతుకు. పెనిమిటి బర్మాకో మలయాకో పోయాడు, కబురు లేదు. సైన్యంలో పోయినవాడి గురించైతే ఏదో ఒక కాగితం వచ్చే వీలుండేది. కూలికి పోయినవాడి పేరు రాసి పెట్టిందెవరు? ఆమె బొట్టు ఉంచుకోవాలా, చెరుపుకోవాలా? ఏడేళ్ళపాటు ఆచూకీ లేకపోతే గానీ మనిషి పోయినట్టు చట్టం భావించదు. పోయాడని తేలినా ఆమెకు దక్కేదేమిటి? 1937లో వచ్చిన చట్టం భర్త వాటా మీద వితంతువుకు బతికినంతకాలం హక్కు ఇచ్చింది. 1941లో ఫెడరల్ కోర్టు ఆ చట్టం రాష్ట్రాల్లోని వ్యవసాయ భూమికి వర్తించదంది. మద్రాసు రాష్ట్రం పొలానికి కూడా దాన్ని వర్తింపజేసింది 1947లో. అంటే సరిగ్గా యుద్ధకాలంలో మగడు పోయిన రైతు ఇంటి కోడలికి పొలంలో ఆ చట్టం ఏమీ ఇవ్వలేదు. బావో మరిదో రాసిచ్చే మనోవర్తే దిక్కు: ఏడాదికి ఇన్ని వడ్లు, రెండు చీరలు. అలాంటి దస్తావేజు చేతికొస్తే చివరి పేజీ చూడండి. మగవాళ్ళ సంతకాల కింద ఆమెది ఒక వేలిముద్ర ఉంటుంది. ఆ వేలిముద్ర మీదే మన ఇల్లు నిలబడి ఉండొచ్చు.

ఆ బావో మరిదో మన తాతేనని తెలియగానే ఆయన్ను దొంగ అనేయాలనిపిస్తుంది. ఆగండి. ఆమె పొలం కలుపుకున్న మనిషే కరువు రోజుల్లో తన పిల్లలకన్నా ముందు ఆమెకు అన్నం పెట్టి ఉండొచ్చు. రెండూ నిజం కావచ్చు. ఒక మనిషిలో ఈ రెంటినీ ఒకేసారి చూడగలగడమే ఎదిగిన మనసు లక్షణమని నేను నమ్ముతాను. అలాగని అన్యాయాన్ని ‘ఆ కాలం అలాంటిది’ అని కొట్టిపారేయడం కూడా తప్పే.

వెతకడం మరీ కష్టం కాదు. ఆ యుద్ధంలో భారత సైనికులకిచ్చిన పతకాల అంచు మీదో వెనకవైపో సాధారణంగా నంబరు, పేరు చెక్కి ఉంటాయి. చింతపండుతో తోమేయకుండా భూతద్దంతో చూడండి. యుద్ధంలో చనిపోయినవారి పేర్లను కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. సమాధి కూడా దొరకని దాదాపు 27 వేల మంది పేర్లు బర్మాలో టౌక్యాన్ దగ్గరి రంగూన్ స్మారకం మీద ఉన్నాయి. పొలం సంగతికి రెవెన్యూవాళ్ళ దగ్గర డైగ్లాట్ అనే పాత భూముల రిజిస్టరు, సబ్‌రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు నకలు అడగండి.

కాగితాలకన్నా మనుషులను అడగడమే కష్టం. ఇంకా బతికున్న పెద్దావిడ “అవన్నీ ఇప్పుడు కదిలించబాక నాయనా” అంటుంది. ఆ పూటకు వదిలేయండి. మళ్ళీ వెళ్ళండి, ఫోను పక్కన పెట్టి కూర్చోండి. రహస్యం అడగొద్దు. ఆ రోజుల్లో కాలవలో పడవలు ఎలా వచ్చేవో, కిరసనాయిలు ఎక్కడ దొరికేదో అడగండి. తనంత తానే అక్కడికి వస్తుంది. రాకపోతే అది ఆమె ఇష్టం. మన కుతూహలం కోసం ఎనభై దాటిన మనిషిని ఏడిపించే హక్కు మనకు లేదు.

తెలిసిన సంగతిని ఒక్కడే గుప్పిట్లో పెట్టుకోవడం మాత్రం పాత తప్పును మళ్ళీ చేయడమే. అక్కచెల్లెళ్ళకు చెప్పండి. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే వచ్చింది, దేశమంతటా కూతుళ్ళందరికీ 2005లో. అయినా ‘మీకు కట్నం ఇచ్చాం కదా’ అంటూ హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించుకోవడం ఇప్పటికీ చూస్తున్నాం. ఎనభై ఏళ్ళ కిందటి వేలిముద్ర చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, అదే వారం చెల్లెలి చేత సంతకం పెట్టించుకునేవాడు ఆ పెట్టె తెరిచి ఏం లాభం?

ఇల్లు అమ్ముతారో, బాగు చేయించుకుంటారో మీ ఇష్టం. బేరం కుదిరేలోపు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ ఒక రోజు ఆ ఇంట్లో కలవండి. పెట్టె అందరి ముందూ తెరవండి. వంశవృక్షం రాసేటప్పుడు తిరిగిరాని ఆ మనిషి పేరు, ఆయన కోసం ఎదురుచూసిన ఆమె పేరు కూడా రాయండి. చట్టం అడగకపోయినా రాయండి.